భాయ్ నమాజుకు వెళ్తే బిగుసుకుపోయే మిషన్

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేసినప్పుడు లెక్కల సారు, నేను ఇద్దరం సంతోషించాం. ఆ తర్వాత వనపర్తిలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి కుదిరాను. యజమానిని ఊరంతా భాయ్ అనేది. నాలుగు కంప్యూటర్లు. మొదటి దాని గుండానే మిగతా మూడింటికీ నెట్ వెళ్లేది. అందులో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది నేనే. గొప్పకు పోయి ఎక్కించాను, అందుకే అదేమైనా నా మీదికే వస్తుందని భయం.

ఆ మిషన్ భాయ్ ఉన్నంతసేపూ కొత్త అల్లుడిలా ఒద్దికగా ఉండేది. ఆయన నమాజుకు వెళ్లొచ్చేసరికి బిగుసుకుపోయేది.

నేనూ తక్కువవాణ్ని కాదు. మౌసు కింద స్టిక్కర్ అతికించి ఒక టీచరును అరగంట తిప్పలు పెట్టిన చరిత్ర ఉంది. ఇక నన్ను నమ్మేదెవరు?

"అరే, నేను బయటికి పోతనే గిట్ల ఎట్లయితదిరా? మిషన్‌కు నేనంటే భయమా?"

"నాకైతే ఉంది భాయ్. దాని సంగతి తెల్వదు."

ఆయన నవ్వలేదు. "జుమ్మా నాడు నేనొచ్చేసరికి మళ్ల బందయితే, గా చెప్పులు తొడుక్కొని ఇంటికి పో. చాలు నీ మజాక్."

శుక్రవారం జుమ్మా నమాజుకు రెండు రోజులే ఉంది. తిండి సయించలేదు. మిషన్ ఎంత మెమరీ వాడుతోందో చూపే అంకెను కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. మసీదులో అజాన్ పిలుపు వినబడేదాకా కదలని అంకె, భాయ్ గడప దాటగానే ఎక్కడం మొదలుపెట్టింది. మెమరీని తింటున్నది, నెట్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వెతికి తెచ్చి ఎక్కించే ప్రోగ్రాం. భాయ్ లేని సంగతి దానికెలా తెలిసింది?

తలెత్తితే, ఫోన్ తీగ నుంచి నెట్ తెచ్చే మోడెమ్ కనిపించింది. దాని దీపాలు వెలగడం లేదు. అజాన్ వినగానే పాటల టేప్‌రికార్డర్‌తో పాటు మోడెమ్ కూడా ఆపి వెళ్లడం భాయ్ అలవాటు. కస్టమర్లు అందాకా టైపింగ్ చేసుకునేవారు. రోజూ కళ్ల ముందు జరిగేదే, నాకే తట్టలేదు.

మోడెమ్ ఆపొద్దని భాయ్‌కి చెబితే? నీ మజాక్ నమాజు దాకా వచ్చిందా అంటారు. అంత ధైర్యం లేదు.

ఆ ప్రోగ్రాం కోడ్ తెరిచాను. అది రాసిన సీ అనే కంప్యూటర్ భాష నాకు నేర్పింది ఎవరో సెంటర్‌లో మరిచిపోయిన జిరాక్స్ పుస్తకం, అందులోనూ మొదటి ఇరవై పేజీలు లేవు. భయంతో చదివితే ఏదైనా అర్థమవుతుందని ఆ రోజు తెలిసింది. కొత్త సాఫ్ట్‌వేర్ల జాబితా కోసం అది మెమరీలో చోటు తీసుకునేది. నెట్ దొరికితే పని చూసుకుని ఖాళీ చేసేది. దొరక్కపోతే ఖాళీ చేయకుండానే మళ్లీ వచ్చి కొత్త చోటు అడిగేది. పెబ్బేరు పశువుల సంతలో అమ్ముడుపోని ఎద్దును గుంజకే వదిలేసి, ఇంటికెళ్లి ఇంకో ఎద్దును తోలుకొచ్చినట్టు. గుంజలెక్కడ మిగులుతాయి?

నెట్ దొరకనప్పుడు కూడా చోటు ఖాళీ చేయమని ఒక్క వరుస రాశాను. కంపైల్ చేస్తే రెండు తప్పులు చూపింది. తొందరలో కొట్టిన అక్షర దోషాలే. దిద్దాను.

జుమ్మా వచ్చింది. భాయ్ మోడెమ్ ఆపి, టోపీ సర్దుకుని, నా చెప్పుల వైపు ఓసారి చూసి వెళ్లారు. అంకె ఎక్కింది. అంకె దిగింది. మళ్లీ ఎక్కింది, దిగింది. నేను రెప్ప వేయలేదు.

భాయ్ తిరిగొచ్చి మోడెమ్ వేశారు. మిషన్ బిగుసుకుపోలేదు, నాలుగింటికీ నెట్ వచ్చింది. నేను ఎద్దులూ గుంజలూ అన్నీ వివరించాను. ఓపిగ్గా విని భుజం తట్టారు.

"సూసినవా బేటా? నువ్వు సక్కగుంటే అది గూడ సక్కగుంటది."

నేరం ఒప్పుకున్నవాడిలా తలూపాను. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి.