పిలవని పేరంటానికి కర్చీఫ్

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా ఏలూరు బస్టాండులాగే కనిపించేది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం మా నాన్న నాకు నేర్పిన మొదటి విద్య. "ముందు కర్చీఫ్ వెయ్యమ్మా, అదెక్కడికెళ్తుందో తర్వాత కనుక్కుందాం" అనేవారు. (అలాగే ఒకసారి తణుకు వెళ్లాల్సినవాళ్లం నూజివీడు వెళ్లొచ్చాం.) అమెరికా వచ్చి చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో చేరాక కూడా ఆ విద్య వదల్లేదు. క్యాంటీన్‌లో టేబుల్ మీద, అపార్ట్‌మెంట్ లాండ్రీలో మెషీన్ మీద నా కర్చీఫే ఉండేది. పక్క క్యూబికల్‌లోని సింగపూర్ పెద్దాయన అది చూసి పడీపడీ నవ్వారు. "మా ఊళ్లో సీటు కోసం టిష్యూ ప్యాకెట్ పెడతాం. నీలాంటివాళ్లని కియాసు అంటాం" అన్నారు. అది వాళ్ల హొక్కియెన్ చైనీసు మాటట. పక్కవాడికి దక్కింది తనకెక్కడ దక్కకుండా పోతుందోనని హడలి చచ్చే బుద్ధికి ఆ పేరు. నేనేమో బిరుదిచ్చినట్టు మురిసిపోయాను.

రెండువేల ఒకటి చివర్లో కంపెనీలు వరసగా కూలుతున్నాయి. ఉద్యోగం పోతే హెచ్ వన్ వీసా పోతుంది, అది పోతే పెట్టె సర్దుకోవడమే. ఒక ఉదయం మా టీమ్‌లో సగంమందిని పై అంతస్తు హాల్లోకీ, నాతో సహా మిగతావాళ్లని క్యాంటీన్‌లోకీ పది గంటలకి మీటింగ్‌కి రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. నా రూమ్మేట్ (మా టీమే, వరంగల్ పిల్ల) పైకి వెళ్లి తొంగిచూసి పరిగెత్తుకొచ్చింది. "వరస వరసకు టిష్యూ డబ్బాలు పెట్టిన్రే! ఎన్క గోడకు అన్నీ కొత్త అట్టపెట్టెలే. గిఫ్టులు కావచ్చు. గ్రీన్ కార్డ్ ఫైల్ చేసేది గా రూం వాళ్లకే అయితది, మనల్ని పిలువలే సూడు!" అంది. "పదవే, సీట్లు పడదాం" అన్నాను. "నాకు బుగులైతాంది, నువ్వు పో" అంది. నేను రెండేసి మెట్లెక్కి వెళ్లి మొదటి వరసలో కర్చీఫ్ వేశాను.

కాసేపటికి పక్కన వచ్చి కూర్చున్న సింగపూర్ పెద్దాయన నన్ను చూసి తెల్లబోయారు. "నిన్నూ పిలిచారా?" అన్నారు. "లేదు, నేనే వచ్చేశాను" అన్నాను, గొప్పగా. ఇంతలో హెచ్ఆర్ ఆవిడ గొంతు సవరించుకుని, ఈ గదిలో ఉన్నవాళ్లందరికీ కంపెనీలో ఇదే ఆఖరి రోజు అంది. టిష్యూ డబ్బాలెందుకో, అట్టపెట్టెలెందుకో అప్పుడర్థమైంది. "అమ్మ బాబోయ్, నన్ను పిలవలేదు! నేనిక్కడిదాన్ని కాదు!" అంటూ లేచి నిలబడ్డాను, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో. హెచ్ఆర్ ఆవిడ నోరు తెరిచింది. గదిలో ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపాపి నావైపు చూశారు. పెద్దాయన ఒక్కరే కళ్లలో నీళ్లతో పగలబడి నవ్వారు. "కియాసు! లేఆఫ్‌కి కూడా సీటు పట్టావా?" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. అంతకన్నా, ఆ గదిలోంచి లేచి వెళ్లగలిగే అదృష్టం నా ఒక్కదానికే ఉందని తెలిసి తలెత్తలేకపోయాను. మధ్యాహ్నం ఆయన పెట్టె నేనే కారుదాకా మోశాను. క్యూబికల్‌లోంచి బయల్దేరేముందే ఆయన తన కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి, "సీటు పట్టాను, ఎవరినీ కూర్చోనివ్వకు" అన్నారు. సాయంత్రం ఇంటికెళ్లగానే, క్యాంటీన్‌లో సంగతంతా విన్న రూమ్మేట్ అయినా ఉండబట్టలేక అడిగింది, "పెట్టెలల్ల ఏమున్నయే?" అని. "ఏమీ లేవే, అన్నీ ఖాళీవే" అన్నాను.

సోమవారానికి క్లీనింగ్‌వాళ్లు ఆ ప్యాకెట్ తీసేశారు. నేను చుట్టూ చూసి, దాని చోట నా కర్చీఫ్ పరిచాను. ఆయన తిరిగి రాలేదు. ఇప్పుడు మా ఊరి ఉగాది ఫంక్షన్లలో వరసకి వరసా చున్నీలు పరిచి కాపలా కాసేవాళ్లని చూస్తే, మెట్ల మీద ఆయాసపడుతూ పరిగెత్తిన ఆ పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, అన్ని కర్చీఫులు వేసింది గానీ, ఇంకొకరి కోసం సీటు పట్టింది మాత్రం ఆ ఒక్కసారే.