రెండో రిమోట్‌లోని మైకు

గుడియాత్తంలో లుంగీలు నేసే ఉమాపతి ఆదివారం మగ్గం దిగగానే స్కూటర్ తీసేవాడు. వేలూరు చుట్టుపక్కల ఎవరు ఇల్లు ఖాళీ చేస్తున్నారో, ఎవరి వరండాలో పాత సామాన్లు అమ్మకానికి పరిచారో కనుక్కుని వెళ్ళేవాడు. గిన్నెలు, కుర్చీల వైపు చూసేవాడు కాదు. పాత టీవీ గేమ్ పెట్టె ఉందా అని అడిగేవాడు. చూపిస్తే రెండో రిమోట్ ఎత్తి, తిప్పి చూసి, కింద పెట్టేసేవాడు.

కాట్పాడిలో పాత ఇనుప సామాన్లు కొనే పాల్‌రాజ్‌కు ఇది వింతగా ఉండేది.

"ఏం ఉమాపతీ, నరిసిన తలకాయతో ఆటలా? మీ ఆడోళ్ళు ఒక పక్క, మగ్గం ఒక పక్క నిన్ను తరిమేస్తాయి సూడు."

"తరిమితే నీ అంగడిలోనే పండుకుంటాలే. రెండో రిమోట్‌లో మైకు ఉండేది వస్తే మాత్రం ఎత్తిపెట్టు."

"మైకా! పాటకచ్చేరీ పెడతావా?"

"మా అన్నకి."

పాల్‌రాజ్ నవ్వడం మానేశాడు. ఉమాపతి అన్న దేవేంద్రన్ సంగతి అతనికి తెలుసు.

పక్షవాతం వచ్చాక దేవేంద్రన్‌కు కాలూ చెయ్యీ కొంత తిరిగివచ్చాయి. మాట రాలేదు. గొంతు చెడలేదని, ఏదో ఒక శబ్దం చేస్తూ ఉండాలని, లేకపోతే ఉన్నదీ పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన కొత్తలో నీళ్ళు అడగబోతే నోట్లోంచి దూడ అరిచినట్టు వచ్చింది. ఉమాపతి కూతురు మోనిష, చిన్నపిల్ల, పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి దేవేంద్రన్ నోరు విప్పలేదు. దాహమైతే చెంబు మీద గోటితో కొట్టేవాడు.

చిన్నప్పుడు ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద గొంతు అతనిదే. మేనమామ సింగపూర్ నుంచి ఒక గేమ్ పెట్టె తెచ్చాడు. రిమోట్లు రెండూ పెట్టెకే అతుక్కుని ఉండేవి. రెండోదానికి సన్నని చిల్లులు, వాటి వెనక మైకు. ఒక ఆటలో గుహ నిండా గబ్బిలాలు వేలాడేవి. మైకులో అరిస్తే తప్ప చెదిరేవి కావు. అరవడం దేవేంద్రన్ పని. ఆ అరుపు మగ్గాల చప్పుడును దాటి వీధి చివరికి వినిపించేది. పిల్లలు నూలు చుట్టడం మానేశారని నాయన ఆ పెట్టెను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. తర్వాత ఈ ప్రాంతంలో అమ్ముడుపోయినవన్నీ నకళ్ళు. వాటికి మైకు లేదు.

అన్నకు మనుషుల ముందు సిగ్గు. గబ్బిలాల ముందు ఉండదనుకున్నాడు ఉమాపతి.

ఆయుధపూజకు ముందు రోజు బాగాయంలో దొరికింది. నర్సు ఉద్యోగం నుంచి రిటైరైన లక్ష్మీకాంతమ్మ ఇల్లు ఖాళీ చేస్తోంది. వరండాలో ఇడ్లీ పాత్రలకూ గోడగడియారానికీ మధ్య ఆ పెట్టె ఉంది. ఉమాపతి రెండో రిమోట్ తిప్పాడు. చిల్లులు కనిపించాయి.

"మా తమ్ముడు ఓడల్లో పని చేసేటప్పుడు తెచ్చినాడు నాయనా. పని చేస్తాదో లేదో, పెట్టి చూసుకో. రేపొచ్చి నన్ను తిట్టొద్దు."

ఆమె టీవీకి తగిలించి చూశాడు. క్యాసెట్లలో ఆ గుహ ఆట కూడా ఉంది. మైకులో ఊదాడు. గబ్బిలాలు చెదిరిపోయాయి.

"ఏడుస్తా ఉండావేం నాయనా?"

"దుమ్మమ్మా."

రాత్రి ఇంటికి తెచ్చి మగ్గం పక్కన పెట్టాడు. పొద్దున గుమ్మడికాయ కోసం బజారుకు వెళ్ళివచ్చేసరికి అతని భార్య మోహన పని ముగించింది. మగ్గానికి, పోగు తీసుకెళ్ళే నాడెలకు, కత్తెరకు, స్కూటర్‌కు గంధం, కుంకుమ. పెట్టెకూ, రెండు రిమోట్లకూ కూడా.

"ఇంటికొచ్చిన సామాను, బొట్టు లేకుండా యాడన్నా ఉంటాదా? అదీ మీ అన్న కోసం వచ్చింది. కొంచెం ఎక్కువే పూసినా," అంది.

ఉమాపతికి సంతోషమే కలిగింది. పూజలో పెట్టిన వస్తువును ఆ రోజు ముట్టకూడదు. ముట్టలేదు.

మరునాడు విజయదశమి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన పాత టీవీని అన్న మంచం దగ్గరికి జరిపాడు. మోనిషను మోహనతో బయటికి పంపి, తలుపు వేశాడు. తెర మీద గుహ వచ్చింది. గబ్బిలాలు వేలాడుతున్నాయి. దేవేంద్రన్ కళ్ళు వాటి మీద నిలిచాయి. ఎడమచెయ్యి చాచి రెండో రిమోట్ తానే తీసుకున్నాడు.

"అరువన్నా. ఈడ ఎవురూ లేరు."

దేవేంద్రన్ రిమోట్‌ను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. శబ్దం వచ్చింది. మొరటుగా, పగిలినట్టు, పొడవుగా వచ్చింది.

గబ్బిలాలు కదలలేదు.

రెండోసారి అరిచాడు. మొదటిదానికన్నా గట్టిగా. గబ్బిలాలు అలాగే వేలాడుతున్నాయి. దేవేంద్రన్ తమ్ముడి వైపు ఒకసారి చూశాడు. రిమోట్ మంచం మీద వదిలి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఉమాపతి రిమోట్ అందుకున్నాడు. చిల్లుల మీద గంధం రాయిలా ఎండిపోయి ఉంది. సూది తెచ్చి ఒక్కొక్క చిల్లూ తోడాడు. ఊదాడు. గబ్బిలాలు చెదిరాయి.

"అన్నా, ఇటు సూడు. గంధం అడ్డం పడింది. నీది తప్పు కాదు. అది ఇన్లేదు, అంతే."

దేవేంద్రన్ తిరగలేదు.

మోహన తలుపు తోసుకుని వచ్చింది. "ఎవురు పిలిచింది? బాయి దగ్గరికి వినపడిందే. బావేనా?"

అడుగుతూనే ఆమె ఉమాపతి చేతిలోని సూదిని, నేల మీద రాలిన గంధపు పొడిని చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఉమాపతి ఆట మళ్ళీ మొదటికి పెట్టాడు. గుహ, గబ్బిలాలు. టీవీ ఆపలేదు. రెండో రిమోట్‌ను అన్న చెయ్యి అందేంత దూరంలో పెట్టి మగ్గం ఎక్కాడు. విజయదశమి నాడు కొంచెమైనా నేయాలి.

నాలుగు పోగులు నేసి ఆపాడు. అన్న మంచం వైపు చెవి ఒగ్గాడు. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ ఆపాడు.