చేపలకు వేసిన పందిరి

మాది గొర్రెలు సాకిన ఇల్లు. చేపంటే గిద్దలూరు బజారులో కొని పులుసు పెట్టుకోవడమే గాని, దాన్ని మేమే పెంచుతామని ఎన్నడూ అనుకోలేదు. మా ఆయనకు మోకాళ్లు పట్టేసి మంద వెంట నడవలేకపోయాక, గొర్రెలన్నీ అమ్మి, పల్లపు చేలో గుంట తవ్వించి, బోరు నీళ్లు పట్టి చేపపిల్లల్ని వదిలాం. ఇక మా ఇద్దరి బతుకుదెరువు ఆ గుంటే.

మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో ఏడు శివరాత్రి వెళ్లీ వెళ్లకముందే ఎండ ముదిరింది. నా చిన్నతనంలో శివరాత్రి జాగరణకు దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లం. ఆ ఏడు తడిగుడ్డ నెత్తిన వేసుకుని కట్ట మీద తిరిగాను. మధ్యాహ్నం గుంటలో కాలు పెడితే స్నానానికి కాచిన నీళ్లే. బోరు చూస్తే వేలెడు ధార పోస్తోంది. చల్లిన తవుడు చల్లినట్టే తేలుతోంది. చేపలన్నీ తుమ్మచెట్టు నీడ పడే మూలకు వచ్చి గుమిగూడేవి.

అది చూసి నాకొక ఆలోచన వచ్చింది. ఎండలు ముదిరితే గొర్రెపిల్లలకు వేపమండలు కొట్టి పందిరి వేయడం మా ఇళ్లలో అలవాటు. చేపలకూ అట్లాగే వేద్దామన్నాను.

"చేపలకు పందిరేందే? పెండ్లి గాని చేస్తావా వాటికి?" అని మా ఆయన నవ్వాడు.

"నవ్వుదువులే. ఏ పానానికైనా ఎండ ఎండే గదా."

గుంట నడుమ గుంజలు పాతడం మా వల్ల కాలేదు. అందుకని మండలు నీళ్ల మీదే పరిచాం. చేపలు వాటి కిందికి చేరాయి. నాలుగు రోజులు నా సంబరం అంతా ఇంతా కాదు.

ఐదో రోజు మబ్బు పట్టింది. గాలి లేదు, చుక్క రాలలేదు, ఒకటే ఉక్క. ఎండ తగ్గింది, చేపలకు హాయి అనుకున్నాం. మర్నాడు పొద్దున తవుడు తీసుకుని పోతే గుంట నిండా నోళ్లే. పైకి తేలి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. పెద్ద బొచ్చెచేపలు అప్పటికే వెల్లకిలా పడి ఉన్నాయి.

మా దగ్గర చేపలు కొనే గిద్దలూరు భాయ్‌కి ఫోన్ చేశాం. అతను బండి దిగుతూనే ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగాడు.

"అరె, ఈ మండలు ఎవురు ఏసినారు అన్నా?"

మా ఆయన నా వైపు చూడలేదు. "నేనే" అన్నాడు.

"ఆయన కాదు, నేనే ఏపిచ్చినా" అన్నాను.

"ఎంత పని చేసినావు అక్కా! కాగిన నీళ్లల్లో గాలి ముందే తక్కువ. ఆకు కుళ్లి ఆ ఉన్న గాలినీ తినేసింది. పైన మబ్బొకటి, ఎండ లేకుంటే నీళ్లల్లో గాలి పుట్టదు. లాగండి, లాగండి!"

ముగ్గురం మండలు బయటికి ఈడ్చాం. గాలి కలవాలని తట్టలతో నీళ్లు బాదాం. పొద్దెక్కేసరికి కొన్ని చేపలు మళ్లీ లోపలికి మునిగాయి. సగానికి పైగా పోయాయి.

భాయ్ కట్ట మీద కూలబడి, "మిగిలినవి ఈపొద్దే పట్టేద్దాం. ఇంకా చిన్నయే, అయినా కొంటా, నేను కాదన్ను. అసలు ఎండలు ముందరుండాయి అన్నా" అన్నాడు.

మా ఆయన నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను కోసింది. గొర్రె దగ్గితే ఏ ఆకు మేసిందో చెప్పేదాన్ని. నీళ్ల కింది ప్రాణాల సంగతి నాకేం తెలుసు? భాయ్ వైపు తిరిగి, "వల తెప్పియ్" అన్నాను.

వల వేసిన ఎనిమిదో రోజు, కాలం కాని కాలంలో వాన కుమ్మేసింది. మార్కాపురం దారిలో వాగు పొంగి బస్సులు ఆగిపోయాయట. తెల్లారి పోయి చూస్తే గుంట కట్ట అంచు దాకా నిండింది.

"చూసినావా?" అన్నాడు మా ఆయన.

"చూసినా."

అన్ని నీళ్లలో ఒక్క చేప లేదు.