సెల్సు లేని శ్రుతిపెట్టె

దెయ్యాలూ, గాలీ ధూళీ అంటే నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. దేవుడి పని చూసుకోవడానికే పొద్దు చాలదు, మధ్యలో వాటినెక్కడ పట్టించుకుంటాను. నేను బడికి వెళ్లలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదవడం, రాయడం, పాడడం నేర్పారు. చీకట్లో ఏదో ఉందని భయపడితే దీపం పట్టుకెళ్లి చూసి రమ్మనేవారు. వెళ్లి చూస్తే అది ఏ తువ్వాలో, చీపురో అయ్యేది. ఈ సంగతిలో కూడా అలాగే దీపం పట్టుకుని వెతికాను. ఈసారి తువ్వాలు దొరకలేదు.

మాది విజయనగరం. మా ఆయనకి ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మి బాగుచేసే చిన్న షాపు ఉంది. మా మావగారు గుడిలో తెల్లవారుజామున పాడే సేవ చేసేవారు. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆ తర్వాత అత్తయ్యకి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని డాక్టరు చెప్పారు. అప్పట్నుంచీ ఆక్సిజన్ మిషన్ పక్కనే ఆవిడ బతుకు. గాల్లోంచి ఆక్సిజన్ తీసి సన్న గొట్టంతో ముక్కుకి అందించే పెట్టె అది. కరెంటు ఉంటేనే నడుస్తుంది.

అత్తయ్యకి ఒక్కటే కోరిక. నరసన్నపేట దగ్గర పల్లెలో ఆవిడ అక్కగారు మంచం మీద ఉన్నారు. ఒక్కసారి చూడాలి. కరెంటు లేనప్పుడు వాడే చిన్న ఆక్సిజన్ సిలిండరుతో అంత దూరం వెళ్లి, అక్కడ ఉండి, తిరిగి రావడం జరగని పని. ఆ పల్లెలో కరెంటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

మా ఆయన పాత టెంపో వ్యాను ఒకటి కొని షాపు వెనకాల పెట్టారు. సీట్లు పీకేసి మంచం బిగించారు. ముందు సీటు కింద బ్యాటరీ, ఇన్వర్టరు, టాపు మీద సోలార్ పలక. చిన్న సింకు, గ్యాస్ పొయ్యి. ఇల్లే నాలుగు చక్రాల మీదకి వచ్చింది. ఏ వస్తువు ఎంత కరెంటు తాగుతుందో నాకు పాఠంలా చెప్పారు. ఆక్సిజన్ మిషనూ మిక్సీ కలిపి వేస్తే ఇన్వర్టరు పడుకుంటుందని మిక్సీ ఇంట్లోనే వదిలేశాం. పచ్చళ్లు ముందే రోట్లో నూరి సీసాల్లో పెట్టాను. బోర్డుకి రెండే ప్లగ్గులు. ఒకటి మిషన్‌ది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది ఫ్యానుకో, నా శ్రుతిపెట్టెకో.

కరెంటు మీద తంబురాలా మోగే ఆ శ్రుతిపెట్టె మావగారిది. ఆయన ఎవర్నీ కేకేసి పిలిచేవారు కాదు. దీపం వేళకి శ్రుతి పెట్టేవారు, అదే పిలుపు. ఎవరు ఏ పనిలో ఉన్నా చేతులు కడుక్కుని వచ్చి కూర్చోవాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ శ్రుతి విని, పొయ్యి మీద పాలు మర్చిపోయి వచ్చేశాను. పాలన్నీ పొంగిపోయాయి. ఆయన పాట ఆపలేదు, తర్వాత ఒక్క మాటా అనలేదు. ఆయనది ఒకటిన్నర శ్రుతి, బాగా కిందికి, గుండెల్లో మోగినట్టు ఉండేది. ఆయన పోయాక దీపం దగ్గర పాడేదాన్ని నేనే కాబట్టి శ్రుతి మార్చే మరని నా గొంతుకి సరిపడేలా పైకి, అయిదుకి తిప్పుకున్నాను. అది ఇక అక్కడే ఉండిపోయింది. లోపలి సెల్సు కారిపోతే మా ఆయన తీసేసి గూడు తుడిచారు. దాని మూత కూడా ఎక్కడో పోయింది. వైరు పెడితేనే మోగుతుంది.

బయల్దేరే ముందు అత్తయ్యని వ్యాన్లో పడుకోబెట్టి ఊళ్లోనే ఒక చుట్టు తిప్పి చూశాం. బ్యాటరీ తగ్గినా, బాగా వేడెక్కినా ఇన్వర్టరు కూస్తుంది. అది నచ్చక అత్తయ్య మా ఆయన మీద విసుక్కున్నారు.

"ఒరే సింహాచలం, ఆ కూత ఏట్రా? దేవుణ్ణి తలుసుకుందామంటే పీక మీద కాలేసినట్టు కూస్తన్నాది."

"బ్యాటరీ తగ్గిందని చెప్తోందమ్మా."

"నాకు సెప్పి ఏటి లాభం? నీకు సెప్పమను."

ఆవిడ మాటకి ఎదురు చెప్పలేక, ఎలాగూ ఇద్దరం పక్కనే ఉంటాం కదా అని ఆయన ఆ కూత వైరు తీసేశారు. ఆక్సిజన్ మిషన్‌కి కూడా కరెంటు పోతే అరిచే ఏర్పాటు ఉంది. దానికి లోపల వేరే చిన్న బ్యాటరీ ఉంటుందని, అది ఎప్పుడో అయిపోయిందని మాకు తర్వాత తెలిసింది.

మాఘమాసంలో బయల్దేరాం. ముందు రామతీర్థం వెళ్లాం. చక్రాల కుర్చీలో, ఒళ్లో చిన్న సిలిండరుతో అత్తయ్య స్వామిని చూసి చాలాసేపు చెయ్యి దించలేదు. అక్కణ్ణుంచి చీపురుపల్లి దాటాక రోడ్డు పక్కన జీడితోట కనిపిస్తే వంటకి ఆగాం. నీడ చాలా ఉంది. కానీ సోలార్ పలకకి ఎండ తగలాలని మా ఆయన వ్యాన్ని ఎండలోనే పెట్టారు. మాఘమాసపు ఎండ కదా, లోపల అత్తయ్యకి ఫ్యాను చాలనుకున్నాం. ఫ్యాను కోసం శ్రుతిపెట్టె ప్లగ్గు తీసి, వైరు చుట్టి, పెట్టెని మంచం పక్కన కొక్కానికి తగిలించాను. ఇది నా చేత్తో చేసిన పని, బాగా గుర్తు.

అత్తయ్య కునుకు తీస్తున్నారు. మా ఆయన క్యాను పట్టుకుని చేల అవతల బోరు దగ్గరికి నీళ్లకి వెళ్లారు. నేను చెట్టు కింద పొయ్యి పెట్టి పప్పు ఉడికిస్తూ తోటకూర ఏరుకుంటున్నాను. వ్యాను తలుపు తీసే ఉంది, కాస్త దూరంలో.

అప్పుడు శ్రుతి వినిపించింది.

అత్తయ్య పెట్టారనుకున్నాను. గొంతెత్తి పిలిచే ఓపిక లేదు కాబట్టి ఇలా పిలుస్తున్నారు కాబోలనిపించింది. ఆ అనుకోవడం కూడా లేచిన తర్వాతే. పాత అలవాటు, శ్రుతి చెవిన పడగానే కాళ్లు వాటంతటవే లేచాయి. పాల సంగతి ఎప్పుడూ మర్చిపోను కనుక పొయ్యి ఆపాను, చేతులు కడుక్కున్నాను. నడుస్తుంటే తట్టింది, ఇది నా శ్రుతి కాదు. కిందికి ఉంది. ఒకటిన్నర.

వ్యాను మెట్టు మీద కాలు పెట్టగానే అది ఆగిపోయింది.

లోపల చప్పుడే లేదు. ఫ్యాను తిరగట్లేదు. మిషన్ బుస్సుమనట్లేదు, దాని దీపం వెలగట్లేదు. అత్తయ్య తల పక్కకి వాలిపోయి ఉంది, పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. మంచం కింద సిలిండరు లాగి, మా ఆయన నేర్పినట్టు తాళం తిప్పి గొట్టం మార్చాను. నోట్లో రామనామం తప్ప ఇంకేం లేదు. ఎక్కడా తడబడలేదు. అది నా గొప్ప కాదు.

కాసేపటికి ఛాతీ లేచింది. పెదాలకి రంగు వచ్చింది. అత్తయ్య కళ్లు తెరిచి నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది.

"దీపం ఎట్టేసేవేటే? నన్ను లేపొద్దా?"

నేను ఆవిడ ముక్కు దగ్గర గొట్టం సర్దాను.

మా ఆయన వచ్చి ఇన్వర్టరు చూశారు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. చుట్టిన చాప ఒకటి రోడ్డు కుదుపులకి జారి, గాలి ఆడే చోటుకి అడ్డంగా పడింది. దానికి తోడు ఎండ. వేడెక్కి తనంతట తాను ఆగిపోయింది. బ్యాటరీ మాత్రం నిండుగానే ఉంది. చల్లారాక స్విచ్ వేస్తే అన్నీ నడిచాయి. ఇంతవరకూ అంతా ఆయనకి అర్థమయ్యే విషయమే.

శ్రుతి సంగతి చెప్తే ఆయన నవ్వలేదు. ముందు పెట్టె చూశారు. నేను చుట్టిన వైరు చుట్టినట్టే ఉంది. సెల్సు గూడు ఖాళీ. మర అయిదు మీదే ఉంది. ఫోన్లేమో అనుకున్నాం. ఆయనది ఆయన జేబులో ఉంది, నాది నొక్కుల ఫోను, అందులో శ్రుతి లేదు. చుట్టుపక్కల గుడి మైకుందేమోనని పక్క చేలో పెసలు కోస్తున్నవాళ్లని అడిగొచ్చారు. మైకూ లేదు, ఏ బండీ ఆగలేదు, వాళ్లకేమీ వినిపించలేదు. ఇన్వర్టరు ఏమైనా అలా గుయ్యిమంటుందా అని నేనే అడిగాను. ఆయన మిషన్ని, ఫ్యాన్ని ఒక్కొక్కటీ వేసి, ఆపి, నాకు వినిపించారు. ఇన్వర్టరు హోరుకీ తంబురాకీ తేడా తెలియని చెవులు కావు నావి.

"నాకు తెలియట్లేదు," అన్నారు చివరికి. కరెంటు విషయంలో ఆ మాట ఆయన నోట అంతకుముందు వినలేదు.

చాప వెనక్కి కట్టేశాం. వ్యాన్ని నీడలోకి తెచ్చాం. ఇన్వర్టరు కూత వైరు మళ్లీ కలిపారు. అత్తయ్య ఈసారి వద్దనలేదు. సాయంత్రానికి పల్లె చేరాం. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మాటలు తక్కువ, చూసుకోవడం ఎక్కువగా కూర్చున్నారు. నేను చాటుకి వెళ్లి స్వామికి దండం పెట్టుకున్నాను. ఆ ఒక్క సాయంత్రం ఇచ్చినందుకు ఇప్పటికీ పెట్టుకుంటూనే ఉంటాను.

తిరిగొచ్చాక ఒకరోజు అత్తయ్యని నెమ్మదిగా అడిగాను, ఆవేళ ఏం విన్నారని.

"మీ మావగారు శ్రుతి ఎట్టేరు. ఇన్నాను. అందులో అడగడానికేటున్నాదే?" అని అటు తిరిగి పడుకున్నారు.

ఊపిరి అందనప్పుడు మనిషికి ఏవేవో వినిపిస్తాయని డాక్టరు చెప్పారు. నిజమే కావచ్చు. కానీ నాకు ఊపిరి బాగానే అందుతోంది, నేను చెట్టు కింద తోటకూర ఏరుకుంటున్నాను.

మొన్న ఆయన షాపు నుంచి కొత్త సెల్సు తెచ్చారు. ఊరికే ఖాళీగా ఎందుకు, శ్రుతిపెట్టెలో వేస్తానన్నారు.

వద్దన్నాను. ఆ గూడు ఖాళీగా ఉంటేనే, మళ్లీ ఎప్పుడైనా వినిపిస్తే, పిలిచింది ఎవరో నాకు తెలుస్తుంది.