రాజశేఖర్ సారు పెట్టిన ముహూర్తం

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు భూగోళం రాజశేఖర్ సారు దగ్గరే వినాలంటారు. వేరే కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టినవాళ్లు కూడా తుఫానుల పాఠం రోజున వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడతారు. సారు చాక్‌పీసు ఎత్తకుండా ఒక్క గీతలో బంగాళాఖాతం గీస్తారు. మణికట్టు తిప్పుతూ మధ్యలో సుడి గీస్తారు. తుఫాను కన్ను దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. అప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

ఆ సముద్రాన్ని సారు ఎన్నడూ చూడలేదు. పుట్టింది రాంనగర్‌లో, చదివింది నారాయణగూడలో, కాపురం చిక్కడపల్లిలో. నీళ్లంటే భయం. పిల్లల చిన్నప్పుడు హుస్సేన్‌సాగర్‌లో లాంచీ ఎక్కుదామని భార్య విద్యావతి అంటే, చెప్పులు చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఒడ్డునే ఉండిపోయారు. లాంచీ ఎక్కడానికి చెప్పులు విప్పాల్సిన పనే లేదు. ఆ సంగతి విద్యావతి ఇంకా మర్చిపోలేదు.

వేసవిలో పాత విద్యార్థులు కొందరు ఇంటికి వచ్చి సారుకు శాలువా కప్పారు. అందరికీ ఉద్యోగాలొచ్చాయి. వాళ్లలో నవత ఇప్పుడు జనగామ వైపు నాయబ్ తహసీల్దార్.

"బోర్డు మీద మాకు సముద్రం చూపిచ్చిన్రు సార్. ఇప్పుడు అసలుది మేం మీకు చూపిస్తం" అంది. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట పడవ మాట్లాడతారట. ఇసుక దిబ్బ మీద టెంట్లు వేసుకుని రాత్రి అక్కడే ఉంటారట. "తేదీ మాత్రం మీరే పెట్టున్రి."

సారు తడబడలేదు. "నవంబర్ల పోదామమ్మా. ఎండ తగ్గుతది."

నవంబరులో బంగాళాఖాతం ఎలా ఉంటుందో ఆ గదిలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. నవత ఒక్కసారి ఆయన ముఖంలోకి చూసి, "సరే సార్" అంది.

నవంబరు వచ్చింది. సముద్రం మాత్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా ఉంది. సారుకు అన్నం సహించలేదు. పిల్లలు నోటిఫికేషన్ కోసం ఫోను చూసినట్టు ఆయన వాతావరణ శాఖ బులెటిన్ కోసం చూశారు. చివరికి ఒక సాయంత్రం మిర్చీ బజ్జీల పొట్లంతో ఇంటికి వచ్చారు.

"ఏందీ సంబరం?" అంది విద్యావతి.

"అల్పపీడనం పడ్డది."

"ముఖం చూస్తే మనుమడు పుట్టినట్టున్నది."

అల్పపీడనం వాయుగుండమైంది, వాయుగుండం తుఫానైంది, దానికో పేరు కూడా పెట్టారు. నవత ఫోన్ చేసింది. "పడవాయన భయపడుతున్నడు సార్. మీరు వద్దంటే వద్దు, పోదామంటే పోదాం. మీ మాటే ఫైనల్."

"రేపు చెప్తనమ్మా" అన్నారు సారు. వెంటనే వద్దంటే బాగుండదనిపించింది.

మర్నాడు క్లాసులో సృజన్ అనే అబ్బాయి లేచాడు. "తుఫాను మన దిక్కొస్తదా సార్? మా నాయిన కొనుగోలు కేంద్రంల వడ్లు పోసిండు. వస్తదంటే ఇప్పుడే ఊరికి పోత."

వస్తదని ఒక్క మాటంటే చాలు. ఎవరో ఒకరు వీడియో తీస్తారు, అది నవత దాకా పోతుంది, సారు వేరే చెప్పాల్సిన పని కూడా ఉండదు. కానీ ఆయన పొద్దున్నే గాలుల పటం చూశారు. ఇన్నేళ్లలో పిల్లలకు తప్పు జవాబు చెప్పలేదు. చాక్‌పీసు తీరం దాకా వచ్చి ఆగింది. తర్వాత ఈశాన్యానికి తిరిగింది.

"రాదు. తీరం దాక వచ్చి పక్కకు మళ్లుతది. మనకు వానలే, గాలి ఉండదు."

"వడ్లకు వానే గద సార్ పరేషాన్!" అని సృజన్ బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. క్లాసంతా నవ్వింది.

సాయంత్రానికి నవత మెసేజ్. 'వీడియో చూసిన సార్. శుక్రవారం పొద్దున కారు పంపిస్తున్నం.'

గురువారం విద్యావతి బ్యాగు సర్దింది. "పక్కింటి పాప ఈత ట్యూబు అడిగి తెచ్చిన. బాతు బొమ్మది. పెట్టమంటరా?"

"నాకు భయమని ఎవరన్నరు?"

"ఎవ్వరనలే. బాతు గూడ అనలే."

ఆ రాత్రి తుఫాను సారు గీసిన గీత మీదే మళ్లింది. శుక్రవారం పొద్దున చిక్కడపల్లిలో తుంపర పడుతోంది. సారు గడ్డం గీసుకుని, బ్యాగు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. టీవీలో తుఫాను దారి చూపించిన ప్రతిసారీ విద్యావతిని పిలిచారు. కారుకు బదులు ఫోను వచ్చింది.

"ఏమనుకోకున్రి సార్. లీవులన్నీ క్యాన్సిల్ చేసిన్రు. వడ్ల కుప్పల మీద కవర్లు కప్పేదాక ఎవ్వరూ కదలొద్దట. మన టెంట్లకని తెచ్చిన టార్పాలిన్లు గూడ కప్పేసిన."

సారు గుండె మీద బరువు దిగిపోయింది. నోరు మాత్రం వేరే మాట అంది. "తుఫాను మళ్లింది గదమ్మా! నేను చెప్పిన్నా లేదా?"

"మీరు చెప్పినట్టే మళ్లింది సార్. వాన మళ్లలే." వెనకాల ఎవరో తాడు కోసం అరుస్తున్నారు. "మళ్లెప్పుడు పెట్టుకుందాం?"

సారు బ్యాగు వైపు చూశారు. "వచ్చే అక్టోబర్ల చూద్దాం."

ఫోనులో అరుపులు దూరమయ్యాయి. నవత పక్కకు జరిగినట్టుంది.

"అక్టోబర్ గూడ తుఫానుల నెలనే సార్. మాకు చెప్పింది మీరే." తర్వాత గొంతు తగ్గించింది. "మీరు నవంబర్ అన్నప్పుడే అనుకున్న."

సారు టీవీ కట్టేశారు.

"ఫిబ్రవరి పెడదామా సార్? నీళ్లు కదలవట. పడవల మీ పక్కన నేనే కూసుంట. నాకూ ఈత రాదు."

"మిగతావాళ్లకు ఏం చెప్తవు?"

"సారుకు ఎండ పడదని చెప్త."

ఫోను పెట్టేసరికి విద్యావతి గుమ్మంలో ఉంది. "క్యాన్సిలా?"

"ఫిబ్రవరికి పోయింది."

ఆమె బ్యాగు జిప్పు తీసి, పసుపు రంగు బాతును పైకి తీసింది. "అయితే దీన్ని పక్కింట్ల ఇచ్చేసి వస్త."

సారు కిటికీలోంచి తుంపరను చూస్తున్నారు.

"ఫిబ్రవరి దాక ఆ పాపకు దాంతోని పనున్నదేమో అడుగు" అన్నారు.