చప్పుడు చేయని డబ్బా

బొమ్మలాయన అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. అలాగని ఆయన బొమ్మలు అమ్మడు. పునాది కూడా తవ్వని ఇళ్లకు కంప్యూటర్లో గోడలు లేపి, రంగులు పూసి, కిటికీలోంచి ఎండ పడేట్టు చూపిస్తాడు. ఇల్లు కట్టించుకునేవాళ్లు తాపీగా చూసి, "ఈ గోడ ఇంకాస్త లేత రంగైతే?" అంటారు. కథ మళ్లీ మొదటికి. ఇలా ఊరందరి ఇళ్లూ కడుతూ ఆయన మాత్రం ఓ ఇరుకు వాటాలో నడుం వంగిపోయి కూర్చుంటాడు.

ఆయన భార్య నర్సు. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీయే. పొద్దున్నే కాళ్లీడ్చుకుంటూ వచ్చి, నాలుగు ముద్దలు తిని మంచం మీద వాలిపోతుంది. ఆ మంచానికీ ఆయన బల్లకూ మధ్య ఉన్నది ఒక్క కర్టెను. ఆయన పని మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. ఆ పాత కంప్యూటర్ డబ్బా పిండిమరలా మోగేది. దాని వెనక ఫ్యాను రెక్క కాస్త విరిగి టకటకమని కొట్టుకునేది. ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన్ని లోపల్లోపల తినేసేది. ఆమె కళ్ల కింద నలుపు చూసినప్పుడల్లా ఇదంతా నా నిర్వాకమే అనుకునేవాడు.

చివరికి ఆ డబ్బా పని మధ్యలో ఆగిపోవడం మొదలెట్టింది. కొత్తది కొనక తప్పలేదు. ఈసారి ఏమైనా సరే, ఆమె నిద్ర చెడగొట్టనిది కావాలని ఆయన గట్టిగా అనుకున్నాడు.

కంప్యూటర్లు బిగించే షాపాయన మాటకారి. "ఈ గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోండి సార్. మీ ఇళ్లు చకచకా లేస్తాయి. సాయంత్రం ఆటలో మీ కారు గాల్లో తేలుతుంది."

బొమ్మలాయనకు నోరూరింది. ఆమె డ్యూటీకి వెళ్లాక కాసేపు కార్ల రేసు ఆడటం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. కొత్త రేసు ఆడాలంటే ఆ పెద్ద కార్డే కావాలి.

"వేడెక్కితే మోగుతుందా?"

"పని చేసేది మోగదా సార్?"

"అయితే వద్దు."

చిన్న కార్డు తీసుకున్నాడు. ప్రాసెసర్ వేడెక్కకుండా దాని మీద పెట్టే కూలర్లను ఒక్కొక్కటే తిప్పించి చెవి ఆనించి విన్నాడు. లోపలంతా మెత్తటి స్పాంజి అతికించిన క్యాబినెట్ ఎంచుకున్నాడు. "పెళ్లిచూపుల్లో కూడా ఇంత పరీక్షగా చూసి ఉండరు సార్," అన్నాడు షాపాయన. నవ్వడానికి ఆయనకు ఓపిక లేదు. వెంట తెచ్చిన పాత డబ్బా అక్కడే పారేసి, కొత్తదాన్ని మోసుకుంటూ ఇంటికి వచ్చాడు.

అది నిజంగానే కిక్కురుమనలేదు. మర్నాడు బొమ్మలాయన పిల్లిలా అడుగులో అడుగు వేస్తూ, వచ్చిన దగ్గును కూడా మింగేస్తూ పని చేసుకున్నాడు. కర్టెను అవతల మంచం కిర్రుమంది. కాసేపటికి మళ్లీ కిర్రుమంది.

"ఏమండీ, కరెంటు పోయిందా?"

"లేదు. నువ్వు పడుకో."

ఇంకాసేపటికి, "ఉన్నారా?"

"ఉన్నాను, పడుకోవే."

ఆ వారమంతా ఇదే వరస. ఓ మధ్యాహ్నం ఆమె లేచి వచ్చి, గోడకు చేరగిలబడి కింద కూర్చుంది. ముఖం పీక్కుపోయి ఉంది.

"రాత్రి ఒకరి మాత్రలు పక్క మంచం ఆయన చేతిలో పెట్టబోయానండీ. ఆఖరి క్షణంలో చూసుకున్నాను. నిద్రలేక నా బుర్ర పని చేయట్లేదు."

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "ఇప్పుడు చప్పుడే లేదు కదా!"

"అందుకేనండీ. మా వార్డులో రాత్రంతా మిషన్లు మోగుతూనే ఉంటాయి. ఒక్కటి ఆగిందంటే పరిగెత్తాలి. ఇంట్లో ఆ డబ్బా మోగుతుంటే మీరు పనిలో ఉన్నారని తెలిసేది. తగ్గితే లేచారని, పెరిగితే మళ్లీ వచ్చి కూర్చున్నారని. మనిషి ఉన్నాడులే అని కళ్లు మూతలు పడేవి. ఇప్పుడేమో అన్నీ ఆగిపోయినట్టుంది. ఉలిక్కిపడి లేస్తున్నాను."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదే?"

"బాగున్నదాని గురించి ఏం చెప్తాను?"

ఆయన చొక్కా తగిలించుకుని షాపుకు పోయాడు.

"ఆ విరిగిన ఫ్యానా?" షాపాయన కళ్లు పెద్దవి చేశాడు. "ఎందుకు సార్, ఇంటికి దిష్టి తగిలిందా?" అంటూనే తుక్కులో వెతికి, దుమ్ము ఊది ఇచ్చాడు. అద్దాల వెనక పెద్ద కార్డు అలాగే ఉంది. బొమ్మలాయన ఓసారి దానివైపు చూసి, ఖాళీ జేబు తడుముకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి ఆ ఫ్యానును కొత్త డబ్బాకు తనే బిగించుకున్నాడు. ఒక ఇంటి బొమ్మ తయారవడానికి పెట్టాడు. డబ్బా వేడెక్కింది, ఫ్యాను ఊపందుకుంది. టకటక, టకటక.

కర్టెను అవతలి నుంచి మత్తు గొంతు వినిపించింది. "ఆ గోడ రంగు ఇంకా తేలలేదా?"

"తేలలేదు. పడుకో."

కాసేపటికి సన్నటి గురక మొదలైంది.

బొమ్మ పూర్తయింది. ఫ్యాను నెమ్మదించింది. ఆయనకు నడుం పట్టేసింది, లేచి కాస్త టీ పెట్టుకోవాలని ఉంది. అవతల మంచం కిర్రుమంది. ఆయన మళ్లీ కుర్చీ ముందుకు జరుపుకుని, ఎవరూ మార్చమని అడగని ఇంకో గోడకు రంగు మార్చి, బొమ్మను మళ్లీ మొదటినుంచి తయారవడానికి పెట్టాడు.