ఇరవై ఏడో నంబరు పలక

పెదనాన్న కోసం ఎవరు వచ్చినా పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి, "ఇంట్లో లేరు. నా సవతి దగ్గరున్నారు" అనేది. కొత్తవాళ్లు తెల్లబోయేవారు. తెలిసినవాళ్లు నవ్వి పాత షెడ్డు వైపు నడిచేవారు.

ఆ సవతి ఒక ఆవిరి ఇంజను. షెడ్డు వెనక, గడ్డి పట్టిన పట్టాల మీద ఒంటరిగా ఉండేది. ముందు భాగాన ఇత్తడి పలక, దాని మీద 27. ఊళ్లో అందరూ దాన్ని వరద ఇంజను అనేవారు. ఒకప్పుడు ఏరు పొంగి వంతెన కదిలిపోతుంటే, మా తాత ఆ ఇంజనుతో రైలు మొత్తాన్ని వెనక్కి నడిపి జనాన్ని ఒడ్డున పడేశాడు. ఆ రోజు కొలిమి తలుపుకు అతుక్కుని కాలిన ఆయన అరచేయి, పోయేదాకా సరిగా ముడుచుకోలేదు.

పెదనాన్న అదే షెడ్డులో ఫిట్టరు. రిటైరయ్యాక పదకొండేళ్లు ఆ ఇంజను చరిత్ర పోగుచేయడమే ఆయన ఉద్యోగం. షెడ్డు మూసినప్పుడు బయట పారేసిన మరమ్మతు రిజిస్టర్లను గోనెసంచుల్లో ఇంటికి మోసుకొచ్చాడు. మంచాన పడిన పాత ఫైర్‌మన్ల పక్కన కూర్చుని వాళ్ల మాటలు రాసుకున్నాడు. ఆయన రాత ఆయనకే అర్థం కాదు కాబట్టి సాఫు ప్రతి రాసే పని నాకు పడింది.

కిందటేడు షెడ్డు స్థలం ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. అది వరద ఇంజనే అని రుజువైతే మ్యూజియం తీసుకెళ్తుంది. కాకపోతే తుక్కు. మా రాతప్రతి చదివిన మ్యూజియం అధికారి పెదనాన్నను మెచ్చుకుని ఒక్కటే అడిగాడు.

"పలకలదేముందండీ, మారుతుంటాయి. చట్రం మీద కొట్టిన నంబరుంటుంది కదా, దాని అచ్చు కూడా పంపండి."

"ఓస్, అంతేనా! రేపే పంపిస్తా" అన్నాడు పెదనాన్న.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. ఆయన చట్రం అంచున పొరలు పొరలుగా ఉన్న రంగు గీకాడు. నేను కాగితం అదిమిపెట్టి పెన్సిలు రుద్దాను. ముందు 3 తేలింది. తర్వాత 1.

"ఇంకోసారి రుద్దు."

"ముప్పై ఒకటే పెదనాన్నా."

"నీకు పుస్తకాలు చదవడం తప్ప ఏం చేతకాదు, ఇలా తే" అని ఆయనే రుద్దాడు. కాగితం చిరిగేదాకా రుద్దాడు.

తర్వాత మూడు రోజులు రిజిస్టర్లు తిరగేశాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. మూడో రోజు మధ్యాహ్నం, వరద తర్వాతి ఏళ్ల రిజిస్టరులో ఒక పేజీ మీద వేలు పెట్టి నా వైపు జరిపాడు. '27, 31 ఇంజన్ల పలకలు రంగు నిమిత్తం తీసి, తిరిగి బిగించడమైనది. టోకెన్ 214.' షెడ్డులో పనివాడిగా పెదనాన్నకిచ్చిన, బీరువా తాళంచెవికి ఇప్పటికీ వేలాడే ఇత్తడి బిళ్ల మీద ఉన్నది ఆ అంకే.

"పలక బిగించాలంటే ఇద్దరుండాలమ్మా" అన్నాడు. "ఒకడు కింద కూర్చుని చట్రం నంబరు పైకి చదవాలి. రెండోవాడు విని బిగించాలి. ఆ రోజు నా జోడీ రాలేదు. ఉన్నవి రెండే కదా, ఏముందిలే అనుకున్నా."

మరుసటేడు డీజిలు ఇంజన్లు వచ్చాయి. ఆవిరి ఇంజన్లన్నీ తుక్కు చేయమన్నారు. వరద ఇంజను కదా, 27ను మాత్రం ఉంచమన్నాడు ఫోర్‌మన్. 31 పలక ఉన్నదాన్ని కోసేశారు. దాని బోల్టులు విప్పినవాళ్లలో పెదనాన్న ఒకడు. మధ్యాహ్నం దాని నీడలోనే అన్నం క్యారేజీ విప్పుకుని తిన్నాడట.

పెద్దమ్మ అంతా విని గొంతు తగ్గించింది. "చట్రం మీద అంకె అరిగిపోయిందని రాసి పడెయ్యండి. మీ మాట కాదనేవాడెవడు?"

"ఎవడూ లేడు. అదేగా నా బాధ."

"చేజేతులా దాన్ని చంపుకుంటారా?"

"చంపింది ఇప్పుడు కాదే."

ఆ సాయంత్రం ఆయన చెబుతుంటే మ్యూజియానికి ఉత్తరం నేను రాశాను. పలకలు తారుమారైంది 'నా చేత' అన్న చోట నా కలం ఆగింది. "ఆగకు, రాయి. టోకెన్ నంబరు కూడా వెయ్యి" అన్నాడు. మ్యూజియం నుంచి నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. మొదటి రెండింటిలో కృతజ్ఞతలు, మిగతా రెండింటిలో విచారం.

ఇంజను కోసేవాళ్లు వచ్చే ముందు రోజు పెదనాన్న స్పానరు, కిరసనాయిలు సీసా పట్టుకుని బయల్దేరాడు. చంకలో రేకు ముక్క. దాని మీద తెల్లరంగుతో 31 అని రాసుకున్నాడు. అందులో 1 కాస్త వంకరగా వచ్చింది. పెద్దమ్మ గుమ్మం దాకా వచ్చింది.

తుప్పు పట్టిన బోల్టులు వదలడానికి గంట పట్టింది. ఇత్తడి పలక తీసి నేలమీద బోర్లించాడు. రేకు ఎత్తి పట్టుకుని, "కింద కూర్చుని చదువు" అన్నాడు.

కంకర మీద కూర్చున్నాను. "ముప్పై ఒకటి."

"వినపడలా."

"ముప్పై ఒకటి!"

మొదటి బోల్టు బిగించాడు. రెండోదానికీ మూడోదానికీ మళ్లీ చదివించాడు. నాలుగోదానికి అడగలేదు. స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అడగకపోయినా చదివాను.